‘నేను’ అనకూడని ఐదు రోజులు

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో పెద్ద రైల్వే స్టేషన్లు రెండున్నాయి. ఒకటి సెంట్రల్, ఇంకోటి హాలండ్స్ స్పోర్. ఈ ముక్క నాకు రెండో స్టేషన్లో దిగి, రైలు తలుపులు మూసుకున్నాక తెలిసింది. మేం దిగాల్సింది మొదటిదాంట్లో. ఎనిమిది మంది పిల్లలు, పదకొండు పెట్టెలు, జనవరి చలి, పైన సన్నటి తుంపర. మా గుంటూరులో మే నెల ఎండ నెత్తి దిగనట్టే ఇక్కడ గాలి మొహాన్ని వదలదు. ఉదయం ఎనిమిదవుతున్నా వీధి దీపాలు ఆర్పలేదు. ‘మేడమ్, వీళ్లకి తెల్లారదా?’ అంది మా తొమ్మిదో తరగతి పిల్ల.

ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దావిడ మా వాలకం చూసి తనే దగ్గరికొచ్చింది. ఎటు వెళ్లాలో చెప్పి, ‘ఏ దేశం మీది?’ అని ఇంగ్లీషులో అడిగింది. నేను నోరు తెరిచేలోపే పిల్లలంతా ఒక్క గొంతుతో ‘ఉరుగ్వే!’ అన్నారు. ఆవిడ మా మొహాలొకసారి, జడలొకసారి చూసి గలగలా నవ్వేసింది. ఆ ఊళ్లో జనవరి చివరి వారం ఇలాంటి పిల్లలు దిగుతారని ఆవిడకి తెలుసట.

సంగతేమిటంటే, హేగ్‌లో 1968 నుంచి బడిపిల్లల కోసం నమూనా ఐక్యరాజ్యసమితి జరుగుతోంది. పిల్లలంతా ఎంయూఎన్ అంటారు. ఐదు రోజులు, వరల్డ్ ఫోరం అనే పెద్ద సమావేశ భవనంలో, దేశదేశాల నుంచి వేల మంది పిల్లలు. ప్రతి బడికీ ముందే ఒక దేశాన్ని కేటాయిస్తారు. మనది కాని దేశం తరఫున, ఆ దేశం మనసెరిగి మాట్లాడాలి. మాకు ఉరుగ్వే వచ్చింది. మనుషుల కంటే పశువులు మూడు రెట్లకు పైగా ఉన్న దేశం. నాలుగు నెలలు మా స్టాఫ్ రూమ్‌లో ఆ దేశం మాటలే.

ట్రామ్ ఎక్కేటప్పుడు బ్యాంకు కార్డు మిషన్‌కి తాకించాలి, దిగేటప్పుడూ తాకించాలి. మీరు వెళితే ఈ రెండోది మరవకండి. ఆర్టీసీ బస్సులో కండక్టర్ పిలిచి అడిగి టికెట్ కొట్టే చోటి నుంచి వచ్చినవాళ్లం కదా, దిగాక గుర్తొచ్చి నేను రెండుసార్లు వెనక్కి చూశాను, ట్రామ్ వెళ్లిపోయింది. ఇంకో మాట. ఎర్రటి తారు పరిచిన దారి కనబడితే అది ఫుట్‌పాత్ కాదు, సైకిళ్లది. తాతలూ పసిపిల్లల తల్లులూ వానలో కూడా బాణంలా వస్తుంటారు. గంట మోగిందంటే మనమే తప్పుకోవాలి.

మొదటి రోజు పొద్దున్నే బట్టల దగ్గర చిక్కొచ్చింది. మా పదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ మంగళగిరి పట్టుచీర పెట్టెలో పెట్టుకుని వచ్చింది. ఫార్మల్ దుస్తులు వేసుకోవాలని సూచనల్లో ఉంది. మన చీర ఎందులో తక్కువ అని నాకూ అనిపించింది. కానీ లోపల అడుగుపెట్టాక ఆ పిల్ల ఉరుగ్వే ప్రతినిధి, గుంటూరు అమ్మాయి కాదు. ఆలోచించి, కోటే వేసుకోమన్నాను. చీర శుక్రవారం సాయంత్రం దాకా పెట్టెలోనే ఉంది.

గేటు దగ్గర బ్యాడ్జి చూపించాలి, మెడలోంచి తీయకూడదు. ఇలాంటివి ఏ సభలోనైనా ఉండేవే. నన్ను ఆపి ఆలోచింపజేసింది వేరే నియమం. సభలో ‘నేను’ అనకూడదు. ‘నువ్వు’ అని కూడా అనకూడదు. ‘నాకనిపిస్తోంది’ అనబోయి పిల్లలు నాలుక్కరుచుకుని, ‘ఉరుగ్వే ప్రతినిధివర్గం భావిస్తోంది’ అని మొదలుపెట్టేవాళ్లు. ఎదుటివాళ్లు ఎంత కోపం తెప్పించినా వాళ్లు ‘గౌరవ ప్రతినిధి’. మాట్లాడేవాళ్లు నిలబడే మాట్లాడాలి. ప్రశ్న అడగాలంటే మాట చివర ప్రశ్నార్థకం ఉండాల్సిందే, ఉపన్యాసం ఇస్తే అధ్యక్షస్థానం సుత్తి కొడుతుంది. అడిగినవాళ్లు జవాబు పూర్తయ్యే వరకు కూర్చోకూడదు. ఇద్దరు ప్రతినిధులు నేరుగా వాదులాడుకోవడం లేనే లేదు, ప్రతి మాటా అధ్యక్షుల ద్వారానే. మధ్యలో అడ్డు తగలడానికి ఒక్క కారణం చెల్లుతుంది, మాట వినబడకపోవడం.

ఆ చివరి నియమం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మన టీవీ చర్చల్లో ఆరు కిటికీల్లో ఆరుగురు ఒకేసారి అరుస్తారు, ఒక్క మాటా వినబడదు. ఇక్కడ పదిహేనేళ్ల పిల్లలు వినబడలేదనే కారణంతో తప్ప ఎదుటివాళ్ల మాటకి అడ్డు రావడం లేదు. చప్పట్లు కూడా అధ్యక్షులు ‘ఇప్పుడు కొట్టవచ్చు’ అంటేనే. వేదికను అలంకరించేవాళ్లనీ శాలువాలనీ లెక్కపెడుతూ పెరిగిన నాకు సభ అంటే ఇలా కూడా ఉంటుందని చూడటం పండగలా ఉంది.

మొదటి రోజంతా లాబీయింగ్. బల్లల చుట్టూ గుంపులుగా చేరి, తలా ఒక తీర్మానం తెచ్చి, కలిపి ఒకటి చేస్తారు. తీర్మానం ఎంత పొడవున్నా వ్యాకరణ ప్రకారం ఒకే వాక్యం. ముందుమాటల్లో ప్రతి అంశం చివరా కామా, చేయాల్సిన పనుల్లో ప్రతిదాని చివరా సెమికోలన్, అన్నీ అయిపోయాక ఒకే ఒక్క ఫుల్‌స్టాప్. ‘గుర్తిస్తూ’, ‘కోరుతోంది’ లాంటి క్రియలు ఇంగ్లీషులో ముందే వచ్చేస్తాయి. మా పదో తరగతి అమ్మాయి రాత్రి ఫోన్లో నానమ్మకి దాన్ని తెలుగులో చెప్పబోయి, క్రియ చివరికి వచ్చేసరికి ఊపిరాడక ఆగిపోయింది. ‘ఏం కోరుతున్నారే?’ అని నానమ్మ అడుగుతూనే ఉంది. ‘నిర్ణయిస్తోంది’ అనే మాట భద్రతామండలికి మాత్రమే చెల్లుతుందట, మిగతా కమిటీలు కోరాలి, సిఫారసు చెయ్యాలి. ఒక్క క్రియలో అధికారం ఎంతో తెలిసిపోతుంది.

మా అమ్మాయిది పర్యావరణ కమిటీ, విషయం సరిహద్దు నదులు. నరసరావుపేట పక్క పల్లెలో వాళ్ల తాతయ్యకి సాగర్ కుడికాలువ కింద మూడెకరాలుంది. కృష్ణా నీళ్ల పంపకానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్, 1973లో అది ఇచ్చిన తీర్పు, ఎవరి వాటా ఎన్ని టీఎంసీలు, ఇవన్నీ ఆ పిల్ల అన్నం ముద్దలతో పాటు విని పెరిగింది. అందుకే తీర్మానంలో తన సొంత అంశం ఒకటి చేర్పించింది. సరిహద్దు నది మీద ఏ దేశం ఏది కట్టబోయినా పక్క దేశానికి ముందే చెప్పాలి అని.

మూడో రోజు ఆ అంశం మీద మాట్లాడి ‘ప్రశ్నలకు సిద్ధం’ అంది. అర్జెంటీనా ప్రతినిధి లేచింది, అదీ ఏదో యూరప్ బడి పిల్లే. ‘ఈ నగరంలోనే ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం 2010లో, ఉరుగ్వే తన పొరుగుదేశానికి ముందుగా తెలియజేయలేదని తీర్పిచ్చిన సంగతి గౌరవ ప్రతినిధికి తెలుసా?’ అంది.

హాలు నిశ్శబ్దం. వెనక వరుసలో నా అరచేతులు చల్లబడ్డాయి. ఆ కేసు మేం చదివాం. ఉరుగ్వే నది రెండు దేశాలకీ సరిహద్దు. 1975లో ఒప్పందం చేసుకున్నారు. ఉరుగ్వే తన ఒడ్డున కాగితం గుజ్జు మిల్లులకి అనుమతిచ్చింది. అర్జెంటీనా 2006లో హేగ్ కోర్టుకెక్కింది. నదిని పాడుచేసిందని రుజువు కాలేదు, మిల్లు తీసెయ్యమని కోర్టు అనలేదు. కానీ ముందు చెప్పాల్సిన పద్ధతిని ఉరుగ్వే పాటించలేదని తేల్చింది. ఇదంతా మా పిల్ల నోట్సులో ఉంది. అయినా నిలబడి మాట్లాడాల్సిన చోట నోట్సు ఎక్కడ గుర్తొస్తుంది! అర్జెంటీనా అమ్మాయి నియమం ప్రకారం నిలబడే ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా, మధ్యలో ఇరవై దేశాలు.

‘ఉరుగ్వేకి తెలుసు’ అంది మా అమ్మాయి మెల్లగా. ‘ఉరుగ్వే ఆ తీర్పును గౌరవిస్తుంది. ముందే చెప్పి ఉంటే నాలుగేళ్ల కోర్టు ఉండేది కాదని తెలిసిన దేశం కాబట్టే ఈ అంశాన్ని ఈ సభ ముందు పెడుతోంది.’

ఇంకో ప్రశ్న ఉందా అని అధ్యక్షులు అడిగారు. లేదని చెప్పి అర్జెంటీనా కూర్చుంది.

సభలో గుసగుసలు పనికిరావు, ఏదైనా చెప్పాలంటే చీటీ రాయాలి. ప్రతి బడీ తన దేశం పేరు అచ్చువేసిన కాగితాలు తెచ్చుకుంటుంది. అడ్మిన్ స్టాఫ్ అని ఇంకొందరు పిల్లలు వరసల మధ్య తిరుగుతూ, చదివి, సభకి సంబంధించినదైతేనే అందిస్తారు. ఓటింగ్ మొదలైతే చీటీలు ఆగిపోతాయి, తలుపులు మూస్తారు. ఆ తలుపులు మూసే ముందు మా అమ్మాయికో చీటీ వచ్చింది. నీలం సిరా, కుదురైన అక్షరాలు. ‘ఈ ప్రశ్న అడగబోతున్నామని ఉరుగ్వేకి ముందే చెప్పి ఉండాల్సింది. అర్జెంటీనా అనుకూలంగా ఓటు వేస్తుంది.’ చీటీలో కూడా ‘నేను’ లేదు.

తిండి విషయానికొస్తే, మధ్యాహ్నం అందరికీ చల్లటి రొట్టె, చీజు. పొద్దున రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని పెద్దవాళ్లు కూడా గంభీరంగా తింటారు. చిక్కటి బఠాణీ సూపు బాగుంటుంది, శాకాహారులైతే అందులో మాంసం ముక్కలున్నాయేమో అడిగి తీసుకోండి. నాలుగో రోజుకి మా గోంగూర సీసా ఖాళీ అయింది. ఆ సాయంత్రం ఎవరో చెబితే పాల్ క్రూగర్లాన్ అనే వీధికి వెళ్లాం. సురినామ్ నుంచి వచ్చిన భారత సంతతివాళ్ల దుకాణాలు అక్కడ వరుసగా ఉంటాయి. వాళ్ల పెద్దలు 1873 నుంచి 1916 దాకా, ఎక్కువగా భోజ్‌పురి ప్రాంతాల నుంచి కూలీ ఒప్పందాల మీద ఓడలెక్కిన 34 వేల పైచిలుకు మంది. డచ్చివాళ్ల వలసగా ఉన్న సురినామ్ 1975లో స్వతంత్రం అయ్యే రోజుల్లో వాళ్ల వారసుల్లో చాలామంది ఇటు వచ్చారు.

ఒక దుకాణంలో అద్దం వెనక గుండ్రంగా, బంగారు రంగులో, మధ్యలో చిల్లుతో పేర్చి ఉన్నాయి. ‘మేడమ్, గారెలు!’ అని మా పిల్లలు అరిచారు. వాళ్లు ‘బారా’ అంటారు. మినప్పిండే, కాస్త పులిసింది, లోపల ఆకుకూర తరుగు. మన గారెలా కరకరలాడదు, మెత్తగా సాగుతుంది. పక్కన కళ్లలో నీళ్లు తెప్పించే మిరపకాయ చట్నీ. దుకాణం అమ్మగారు మాతో డచ్చూ, ఆవిడ భాషా కలిపి మాట్లాడింది, మా పిల్లలు బడి హిందీలో జవాబిచ్చారు. సగమే అర్థమైంది. లెక్కకి మించి రెండు బారాలు వేసి ‘ఖావో బేటా’ అన్నది మాత్రం అందరికీ అర్థమైంది.

శుక్రవారం ముగింపు సభ. ఈ సమావేశంలో బెస్ట్ డెలిగేట్ బహుమతులు లేవు. మన ఊళ్లలో ఎంయూఎన్ అంటే ట్రోఫీ, నగదు, దాని కోసం పిల్లలు ఒకరి మాట ఒకరు తుంచుకోవడం చూసి నేను చాలాసార్లు బాధపడ్డాను. ఇక్కడ గెలిచింది తీర్మానం. వెళ్లాలనుకునే బడులకి నేను చెప్పేదొక్కటే, కప్పు తెస్తామని తల్లిదండ్రులకి మాట ఇవ్వకండి. ఆ సాయంత్రం మా అమ్మాయి మంగళగిరి చీర కట్టుకుని, పైన నా స్వెటర్ వేసుకుని ట్రామ్ ఎక్కింది.

శనివారం పొద్దున పీస్ ప్యాలెస్ చూడ్డానికి వెళ్లాం. అమెరికా పారిశ్రామికవేత్త కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టి 1913లో తెరిచిన ఇటుకల భవనం, ఎత్తైన గడియారపు గోపురం. అంతర్జాతీయ న్యాయస్థానం ఇందులోనే, పదిహేను మంది న్యాయమూర్తులతో. అనుకున్నప్పుడు లోపలికి పోనివ్వరు, గైడుతో వెళ్లే రోజులు ముందే చూసుకోవాలి. మాకు గేటు పక్కన ఉన్న సందర్శకుల కేంద్రమే దక్కింది. బయట శాంతి జ్యోతి చుట్టూ దేశదేశాల నుంచి పంపిన రాళ్లు పేర్చారు. పిల్లలు వంగి వంగి ఇండియా రాయి కంటే ముందు ఉరుగ్వే రాయి కోసం వెతికారు.

మా అమ్మాయి గేటు ఊచల ముందు నిలబడి నరసరావుపేటకి వీడియో కాల్ చేసింది. అక్కడ మధ్యాహ్నం మూడున్నర, తాతయ్య అరుగు మీద ఉన్నాడు.

‘తాతయ్యా, ఇదే ఆ కోర్టు. దేశాల మధ్య నీళ్ల గొడవలు కూడా ఇక్కడే తేలుస్తారు’ అని ఫోన్ గోపురం వైపు తిప్పింది.

ఆయన కళ్లజోడు సవరించుకుని కాసేపు చూశాడు. ‘అట్నా? మరి మనకెన్ని టీఎంసీలు రాశారమ్మా?’ అన్నాడు.