ఎవరు లెక్కపెడతారు?

మా అక్కావాళ్లు ఉండేది డల్లాస్‌కు గంట దూరంలో. బావకు సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పెరట్లో అక్క పెంచే గోంగూర మడి. అమెరికాలో తెలుగిల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. మొన్న వేసవిలో సెలవు పెట్టి వెళ్లినప్పుడు మాత్రం గ్యారేజీలో ఓ ఇనుప బీరువా కనిపించింది. బావ తాళం తీసి చూపించాడు. లోపల రైఫిల్‌!

'అలా చూస్తావేంటోయ్‌ బామ్మర్దీ! ఇక్కడిది మామూలే. అడవిపందుల కోసం' అన్నాడు నవ్వుతూ. టెక్సాస్‌లో పంటల్ని పాడుచేసే అడవిపందుల బెడద చాలా ఎక్కువ. పొలం యజమానిని అడిగి, ఆఫీసు మిత్రులతో కలిసి వేటకు వెళ్లొస్తుంటాడట. గుమ్మంలో నిలబడ్డ అక్క మాత్రం నవ్వలేదు.

నాకు తుపాకీ అంటే మా పెదనాన్న ఒంటిగొట్టం తుపాకీయే గుర్తొస్తుంది. లైసెన్సు కాగితాన్ని భద్రంగా ట్రంకుపెట్టెలో దాచేవాడు. ఎన్నికలొస్తే చాలు, తుపాకీ పట్టుకెళ్లి పోలీస్‌స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆయన దాన్ని పేల్చడం చూసినదానికంటే అప్పగించడం చూసిందే ఎక్కువ.

బావ రైఫిల్‌ పేరు ఎస్‌కేఎస్‌. రష్యన్‌ సిమొనోవ్‌ రూపొందించిన నమూనాను యుగోస్లావియా వాళ్లు తమ సైన్యం కోసం తయారుచేసుకున్న రకం. ఆ దేశమే ఇప్పుడు లేదు. తుపాకీ మాత్రం సముద్రం దాటి టెక్సాస్‌ గ్యారేజీకి చేరింది. నాలుగు కిలోల బరువు, గొట్టం కింద మడిచిపెట్టిన బాకు, పొడవాటి చెక్క. ఈ చెక్కనే స్టాక్‌ అంటారు. భుజానికి ఆనించేదీ, చేత్తో పట్టుకునేదీ అదే. ట్రక్కులోంచి జారిపడి, సరిగ్గా పిడికిలి పట్టేచోట అది పగిలింది. కొత్తది వేయించాలి. అసలు కథ అక్కడే మొదలైంది.

బావకు ఒకటి నచ్చింది. నల్ల ప్లాస్టిక్‌ది. మడుచుకుంటుంది, కింద పిస్టల్‌కు ఉన్నట్టు పిడి ఉంటుంది. తేలిక కూడా. తయారైంది అమెరికాలోనే. కొందామని నన్నూ తీసుకుని దుకాణానికి వెళ్లాడు. కౌంటర్‌ దగ్గరున్న పెద్దాయన పెట్టె చేతికివ్వకుండా, 'ఏ రైఫిల్‌కు?' అనడిగాడు. బావ చెప్పగానే ఓ కాగితం తీసి ముందుపెట్టాడు.

అందులో ఇరవై భాగాల పేర్లున్నాయి. గొట్టం, బోల్టు, ట్రిగ్గర్‌, హ్యామర్‌, స్టాక్‌, పిస్టల్‌ పిడి, మ్యాగజైన్‌... ఇలా. విదేశీ భాగాలతో, దిగుమతికి అనుమతిలేని తరహా సెమీ ఆటోమేటిక్‌ రైఫిల్‌ను ఇక్కడ తయారుచేసుకోవాలంటే ఈ ఇరవైలో పదికి మించి విదేశీవి ఉండకూడదు. అదీ కేంద్ర నిబంధన. ఎస్‌కేఎస్‌ ఉన్నదున్నట్టుగా ఉంటే ఇబ్బంది లేదు. పాత సైనిక ఆయుధంగా, సేకరించి దాచుకునే వస్తువుగా దాన్ని దేశంలోకి రానిచ్చారు. మడతస్టాక్‌ బిగిస్తే ఆ పాత రూపం పోతుంది. అప్పుడు లెక్క మొదలవుతుంది.

బావ పెన్సిల్‌తో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. స్టాక్‌ అమెరికాదే అయినా మిగతావి పది దాటిపోయాయి. ఆ ప్లాస్టిక్‌ది కావాలంటే లోపలి భాగాలు మరికొన్ని కూడా అమెరికావి కొని మార్చాలి. 'బాకుతో ఉంటే తప్పులేదుగానీ ప్లాస్టిక్‌ పెడితే తప్పా?' అన్నాను. పెద్దాయన భుజాలెగరేశాడు. 'చట్టం నేను రాయలేదు బాబూ' అన్నట్టుగా. బావ మాత్రం కారెక్కాక నవ్వాడు. 'నాలో ఎన్ని భాగాలు ఇంపోర్టెడో! పది దాటితే నన్నూ ఉండనివ్వరేమో' అని.

ఆ రాత్రి భోజనానికొచ్చిన మిత్రుడు కొట్టిపారేశాడు. 'ఎవరొచ్చి లెక్కపెడతారు? ఇన్నేళ్లుగా వేటకు తిరుగుతున్నా, విప్పి చూపించమన్నవాడు లేడు. బిగించేయ్‌'. నిజానికి ఆ మాటలో అబద్ధం లేదు. బావ కూడా ఊగాడు.

అక్క పప్పు గిన్నె బల్లమీద పెట్టి అంది: 'ఫారంలో అడుగుతారు కదా!'

బావది గ్రీన్‌కార్డు. పౌరసత్వం కోసం ఫారం నింపుతున్నాడు. అందులో ఒక ప్రశ్న ఉంది... మీరు ఎప్పుడైనా నేరం చేసి, అరెస్టు కాకుండా ఉన్నారా అని. పట్టుబడ్డావా అని కాదు, చేశావా అని. ఆ నిబంధనను తెలిసి ఉల్లంఘిస్తే ఐదేళ్లదాకా జైలుశిక్ష పడొచ్చు. పౌరులకైతే శిక్షతో పోతుంది. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు తుపాకీ కేసులో శిక్షపడితే దేశం నుంచే పంపించేయొచ్చు. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు... అన్నీ ఓ ప్లాస్టిక్‌ ముక్కకు ముడిపడి ఉన్నాయన్నమాట. మిత్రుడు ఇక ఏం మాట్లాడలేదు. పెరుగు వడ్డించుకున్నాడు.

నాకు నిద్రపట్టలేదు. ఇంత వింత లెక్క ఎవరు పెట్టారా అని చదవడం మొదలుపెట్టాను. 1989 జనవరి 17. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌ పట్టణం, క్లీవ్‌లాండ్‌ ఎలిమెంటరీ స్కూలు. ఆటల విరామంలో పిల్లలు బయట ఉన్నారు. ఒకడు చైనాలో తయారైన రైఫిల్‌తో వచ్చి కాల్పులు జరిపాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. ముప్ఫైమంది దాకా గాయపడ్డారు. చనిపోయిన పిల్లల వయసు ఆరు నుంచి తొమ్మిదేళ్లు. వాళ్లు కాంబోడియా, వియత్నాంల నుంచి ప్రాణాలు దక్కించుకుందామని అమెరికా వచ్చిన కుటుంబాల పిల్లలు.

అదే ఏడాది అప్పటి బుష్‌ ప్రభుత్వం అలాంటి విదేశీ రైఫిళ్ల దిగుమతిని ఆపేసింది. ఓడల్లో రానివ్వనిదాన్ని ఇక్కడ ముక్కలు కలిపి తయారుచేయకూడదంటూ 1990లో చట్టంలో మరో సెక్షన్‌ చేర్చారు. ఆ తర్వాత వచ్చిందే ఈ ఇరవై భాగాల జాబితా. అదే తుపాకీని మొత్తం అమెరికా భాగాలతో చేస్తే ఈ నిబంధన వర్తించదు. లెక్కలో ఆ లోపం ఉంది. కానీ లెక్క ఎక్కడ మొదలైందో తెలిశాక, దాన్ని చూసి నవ్వడం నావల్ల కాలేదు.

పొద్దున్నే అక్కతో చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కార్న్‌ఫ్లేక్స్‌ తింటున్న మా మేనల్లుడి తల నిమిరింది. వాడికి తొమ్మిదేళ్లు.

బావ ప్లాస్టిక్‌ స్టాక్‌ ఊసెత్తలేదు. పాత సైనిక సామగ్రి అమ్మేవాళ్ల దగ్గర అదే రకానికి చెందిన, వాడిన చెక్కస్టాక్‌ తెప్పించాడు. చైనా ఎస్‌కేఎస్‌ చెక్క దీనికి అంత తేలిగ్గా కుదరదట, అందుకని వెతకడానికి పదిరోజులు పట్టింది. బరువు తగ్గలేదు, అందమూ రాలేదు. రైఫిల్‌ మాత్రం దేశంలోకి వచ్చిన రూపంలోనే ఉండిపోయింది. ఆ చెక్కమీద ఎవరో సైనికుడు మేకుతో గీసుకున్న రెండక్షరాలున్నాయి. బావ వాటిని చెరపకుండా అవిసెనూనె రాశాడు.

అక్క ఒక్క షరతు పెట్టింది. బీరువా తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. టెక్సాస్‌లోనూ పదిహేడేళ్లలోపు పిల్లలకు గుండ్లు నింపిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే నేరమే. అయినా అక్క అడిగింది చట్టం కోసం కాదని మా అందరికీ తెలుసు. బావ మాట్లాడకుండా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

నేను బయల్దేరే ముందురోజు రాత్రి ఫారం పూర్తిచేశాడు. ఒక్కో ప్రశ్నా పైకి చదువుతున్నాడు. ఆ ప్రశ్న దగ్గర అక్క వంటింట్లోంచి తొంగిచూసింది. బావ ఆగలేదు. 'లేదు' అని టిక్కుపెట్టి, తర్వాతి ప్రశ్న చదివాడు.