కారం లేని హాటు

చుట్టాలొస్తే మన ఇళ్లల్లో ప్లేట్లో రెండు పెడతాం. స్వీటు, హాటు. ఈ 'హాటు' ఇంగ్లీషు మాటే అయినా ఇంగ్లీషు వాళ్లకి అర్థం కాదు. అది వేడిగా ఉండక్కర్లేదు. డబ్బాలో పది రోజుల నుంచి ఉన్న జంతికలు కూడా హాటే. తీపి కానిదంతా హాటు. ఇంగ్లీషులో 'సేవరీ' అని ఒక మాటుంది, తీపి కాని చిరుతిండికి వాడతారు. దానికి సరిపోయే తెలుగు మాట కోసం వెతికితే చివరికి 'కారం' దగ్గరే ఆగుతాం. కారప్పూస, కారబ్బూంది. మా గుంటూరు, ప్రకాశం వైపు ఇంకో అడుగు ముందుకేసి రుచికీ, పదార్థానికీ, పొడికీ, పచ్చడికీ కలిపి అదే పేరు పెట్టేశాం. వెల్లుల్లి కారం, కరివేపాకు కారం, నల్లకారం. మరి కారం లేనిదాన్ని ఏమంటాం? చప్పిడి. ఆ రెండింటికీ మధ్య ఇంకో గది లేదు.

ఈ మాటల గురించి ఇంతగా ఆలోచించడానికి కారణం మా అమ్మ నాలిక. పోయినేడు ఒక పెద్ద చికిత్స అయ్యాక ఆమె నోరంతా పూసింది. పూత తగ్గింది గానీ నాలిక ఇంకా పచ్చిగానే ఉంది. "పాలు, వెన్న, నెయ్యి ఏదైనా పెట్టండి, బరువు పెరగాలి. కారం మాత్రం కొన్నాళ్లు దగ్గరికి రానీయకండి" అన్నారు డాక్టరు గారు. చెప్పడానికి ఒక్క వాక్యమే. కానీ మాది చిలకలూరిపేట దగ్గర ఊరు. నల్లరేగడిలో సగం పత్తి, సగం మిరప. నలభై ఏళ్లుగా ప్రతి ఫిబ్రవరిలో కల్లం మీద కూర్చుని తాలు కాయలు ఏరిన మనిషి ఆమె. చేతి మంటకి కొబ్బరినూనె రాసుకుని, ఆ చేత్తోనే పచ్చడి కలుపుకుని తిన్న మనిషి.

నేను హైదరాబాద్ ఉద్యోగాన్ని ఇంటి నుంచి చేసుకునేట్టు మార్చుకుని వచ్చాక గమనించింది ఏంటంటే, ఆమెని బాధపెట్టేది పత్యం కూడు కాదు. అన్నంలో పాలు పోసుకుని తినేస్తుంది, గొడవ లేదు. చూసిపోదామని చుట్టాలు వస్తారు కదా, అప్పుడే అసలు కష్టం. ఆమే లేచి ప్లేట్లు సర్దుతుంది. వాళ్లు జంతిక కొరుకుతూ "నువ్వు కూడా తీసుకో వదినా" అంటారు. "నాకు పడదమ్మా" అంటుంది. అంతే, మాట అక్కడితో జబ్బు మీదికి పోతుంది. ఎన్ని సిట్టింగులు, ఎంత ఖర్చు, ఫలానా వాళ్లకి ఏమైంది. అందరితో పాటు ఆమె చేతిలోనూ ఒక హాటు ఉంటే ఆ మాట అటు పోదు. నాకు కావాల్సింది అది ఒక్కటే. పత్యంలా కనపడకూడదు, కారం ఉండకూడదు, చుట్టాలు రెండోది అడిగి తీసుకోవాలి.

కారం అంటే ఏంటో ముందు చూసుకోవాలి. షడ్రుచుల్లో దానికి చోటుంది గానీ నాలిక మీది రుచిమొగ్గలకి దానితో సంబంధం లేదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ వెళ్లి అంటుకునేది ఒంటికి వేడి తగిలితే మేల్కొనే గ్రాహకానికి. పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. అంటే 'మంట' అని మనం అనేది ఉపమానం కాదు. నోరు కాలుతోందనే కబురే మెదడుకి వెళ్తుంది. 'హాటు' అన్నవాడు కూడా తెలియకుండా నిజమే చెప్పాడు. కాబట్టి అమ్మ కోల్పోయింది ఒక రుచిని కాదు, అలవాటైన ఒక నొప్పిని. ఉప్పు, పులుపు, చేదు, తీపి ఇంకా ఉన్నాయి. వాటితో పాటు మనం ఏ పేరూ పెట్టకుండా వాడుకునే ఐదోది ఒకటుంది. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ఆయన సముద్రపు నాచు చారులో దాన్ని గుర్తించి 'ఉమామి' అన్నాడు. గ్లూటమేట్ వల్ల వచ్చే రుచి. బాగా మాగిన టమాటాలో ఉంటుంది. నిలవ చేసిన చీజ్‌లో దండిగా ఉంటుంది.

పాలకూర, చీజ్ కలిపి పిండి పొరల్లో పెట్టి కాల్చే ఆలోచన అలా వచ్చింది. ఇది కొత్తదేం కాదు. గ్రీకులకి స్పనకోపిటా ఉంది, టర్కీలో పాలకూర బొరెక్ ఉంది. మనకీ ఆ చుట్టరికం ఉంది. మధ్య ఆసియా వైపు నుంచి సమోసా వచ్చింది, హైదరాబాద్ దావతుల్లో లుఖ్మీ ఉంది, బస్టాండు పక్కన బేకరీలో గాజు పెట్టెలో బల్బు కింద ఎగ్ పఫ్ ఉంది. మా ఇంట్లో ఎవరికైనా ఒక్క మాటలో చెప్పాలంటే అదే: "పాలకూర పఫ్".

చీజ్ దగ్గర మొదటి చిక్కు వచ్చింది. నిఘంటువులు చీజ్‌కి 'జున్ను' అని అర్థం రాస్తాయి. జున్ను అంటే ఈనిన గేదె తొలి పాలు, బెల్లం, మిరియప్పొడి. దానికీ దీనికీ పోలికే లేదు. మన పాడి అంతా తోడు వేయడం మీద నడిచింది: పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి. పాలు విరగడం మనకి అశుభం. మనసు విరిగిందంటాం కూడా. లీటరు పాలు కాచి, నిమ్మకాయ పిండుతుంటే అమ్మ పొయ్యి దగ్గరికొచ్చి, "కావాలని పాలు విరగ్గొడతారంట్రా ఎవరన్నా? అదీ పొద్దున్నే" అంది. అయినా గుడ్డ పట్టుకున్నది ఆవిడే. వడకట్టి, బరువు పెడితే గుప్పెడు పనీరు తేలింది. పనీరు మెత్తదనానికి, రుచికి కాదు. తాజాది కాబట్టి దాంట్లో ఆ ఐదో రుచి తక్కువ. అందుకని రెండు అమూల్ చీజ్ క్యూబులు తురిమి కలిపాను. ఉప్పు వాటిలోనే ఉంది, మళ్లీ వేయక్కర్లేదు.

పాలకూర నాలుగు చిన్న కట్టలు. వేడి నీళ్లలో నిమిషం ముంచి తీసి, చన్నీళ్లలో వేసి, ఉతికిన పంచె గుడ్డలో మూటగట్టి పిండాలి. ఈ పిండడంలోనే సగం పని ఉంది. ఆకులో నీళ్లు మిగిలితే పఫ్ అడుగు పచ్చిగా, జిగటగా ఉండిపోతుంది. చుక్క రాని దాకా పిండితే నాలుగు కట్టలు కలిపి ఒక నిమ్మకాయంత ముద్ద. ఆ పచ్చ నీళ్లు పారబోయలేదు, పప్పులోకి పోయాయి. ముద్దని సన్నగా తరిగి, వెన్నలో మూడు వెల్లుల్లి రెబ్బలు వేగనిచ్చి, ఆకు వేసి తడి ఆరేదాకా తిప్పి దించాలి. చల్లారాక పనీరు, చీజ్, గీకిన జాజికాయ ఓ చిటికెడు. చిన్నప్పుడు "పాలకూరలో పాలేవి?" అని అడిగేవాణ్ణి. ముప్పై ఏళ్లకి పాలు వచ్చి చేరాయి.

పిండి సంగతి వేరు. పావుకిలో మైదా, 180 గ్రాముల వెన్న, అర గ్లాసు ఐసు నీళ్లు. వెన్నని పిండిలో కలిపేయకూడదు, గోరంత ముక్కలుగా అలాగే ఉండాలి. పొడవుగా వత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు పెట్టి, తిప్పి, మళ్లీ వత్తాలి. ఒకసారికి 3 పొరలు, రెండోసారికి 9, తర్వాత 27, నాలుగోసారికి 81. బేకరీ మాస్టర్లు ఆరు మడతల దాకా వెళ్తారు, 729. ఇంట్లోకి నాలుగు చాలు. వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్లే. ఓవెన్ వేడికి ఆ నీళ్లు ఆవిరై పొరని పొరనుంచి పైకి తోస్తాయి. సోడా లేదు, ఈస్టు లేదు, ఎత్తేది ఆవిరే. కానీ ఆ ఆవిరి పుట్టేదాకా వెన్న వెన్నలాగే ఉండాలి. 32, 33 డిగ్రీలు దాటితే కరిగి మైదాలోకి ఇంకిపోతుంది, పొరలన్నీ కలిసి బిస్కెట్ అవుతుంది. మరి మా ఊళ్లో మార్చి మధ్యాహ్నానికే వంటింట్లో అంతకన్నా ఎక్కువ. బేకరీ వాళ్లు ఎండకి తట్టుకునే మార్జరిన్ వాడేది అందుకే, అంగిట్లో మైనంలా మిగిలేది కూడా అందుకే.

నవంబరులో మొదలుపెట్టాను కాబట్టి మొదట్లో తెల్లవారుజామున వంటింటి బండ మీదే నడిచింది. సంక్రాంతి దాటాక పని అమ్మ గదిలోకి మారింది. చికిత్స తర్వాత ఆమె కోసం పెట్టించిన ఏసీ అక్కడే ఉంది. పెద్ద స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద వత్తడం, రెండు మడతలకోసారి పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టడం. నాన్న గుమ్మంలో నిలబడి చూసి, "మన కాయలకి లేని ఏసీ దీనికా" అన్నాడు. గుంటూరు యార్డులో కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన మిర్చిని ఏసీ కాయలంటారు. రంగు పోకుండా, ధర వచ్చేదాకా ఆ చలి గదుల్లో బస్తాలు నెలల తరబడి ఉంటాయి. బాడుగ కట్టలేని వాడు కల్లం నుంచే అమ్ముకోవాలి. ఈ వంటకాన్ని 'ఈజీ' అంటారు. ఎవరి వంటింట్లో ఈజీ అనేది కూడా అడగాలి. ఫ్రిజ్, ఓవెన్, ఏసీ గది, పోని కరెంటు. ఇవన్నీ ఉన్న ఇంట్లోనే ఇది నలభై నిమిషాల పని. బజార్లో దొరికే ఫ్రోజెన్ షీట్లు ఇంకా తేలికే, కానీ హైదరాబాద్ నుంచి ఐసు పెట్టెలో తెచ్చుకోవాలి. అదీ చలిని కొనుక్కోవడమే.

వత్తిన పిండిని మూడంగుళాల చదరాలు కోస్తే పదహారు దాకా వస్తాయి. ఒక్కోదాంట్లో రెండు చెంచాల కూర, మూలకి మూల మడిచి, ఫోర్కుతో అంచు నొక్కి, పైన పాలు పూయాలి. ఓవెన్ 200 డిగ్రీలకి ముందే వేడెక్కి ఉండాలి. ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు, రంగు వచ్చేదాకా తలుపు తీయొద్దు. మధ్యలో తీస్తే ఆవిరి పోయి పొరలు కూర్చుంటాయి.

తొలిసారి ప్లేటు పెట్టినప్పుడు పెద్దమ్మ కూడా ఇంట్లో ఉంది. కొరికి, "ఏందబ్బాయ్ ఇది, కారం మర్చిపోయావా?" అంది. అమ్మ ఏమీ అనలేదు. తన చేతిలోది నిదానంగా తింటోంది. పొరలు ఒళ్లో రాలుతుంటే వేలితో అద్దుకుంటోంది. పెద్దమ్మ పొడి అద్దుకోవడానికి లేచి వెళ్లి, కారం గిన్నె తెచ్చుకుని, రెండో పఫ్ దాంట్లో ముంచుకుని తింది. ఇద్దరూ మాట్లాడుకున్నది మాత్రం ఆ ఏడు పత్తి తీతకి కూలీలు దొరకని సంగతి. జబ్బు ఊసు రాలేదు.

ఆ తర్వాత వచ్చింది మిరియం. మిరపకీ మిరియానికీ చుట్టరికం మాటలోనే కనిపిస్తుంది. మిరపకాయ పోర్చుగీసు ఓడలతో దిగింది, 1498 తర్వాతే. అంతకు ముందు మన నోటికి మంట అంటే మిరియమే. శ్రీనాథుడు పలనాటి జొన్నకూటి మీద విసుక్కున్నాడని చాటువులు చెప్పుకుంటాం. ఆయన విసుక్కున్న ఆ కూటిలో మిరపకాయ లేదు. కారానికి కాణాచి అనుకునే ఈ నేల మీద, మిరపకాయ చూడకుండా తిని, పద్యాలు చెప్పి, తిట్టుకుని, మళ్లీ తిన్న తరాలు చాలా ఉన్నాయి. వాళ్లదంతా చప్పిడి కూడేనా? ఈ ప్రశ్న అమ్మకి బాగా నచ్చింది. "అయితే మా ముత్తవ్వల ముత్తవ్వలు నాలాగే తిన్నారన్నమాట" అంది.

మిరియంలో ఉండే పిపెరిన్ కూడా ఆ గ్రాహకాన్నే తడుతుంది, కాకపోతే చాలా మెల్లగా. అందుకని డాక్టరు గారిని అడిగి, డిసెంబరు చివర్లో మొత్తం ముద్దకి నాలుగు మిరియాలు దంచి వేశాం. అమ్మ కళ్లు మూసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పి, "ఉంది" అంది. బావుంది అని కాదు, ఉంది అని. జనవరిలో ఆరు. ఫిబ్రవరిలో, కల్లం మీద తేజ కాయలు ఎర్రగా పరిచి ఉన్నప్పుడు, ఎనిమిది. స్కానింగు కాయితాల్లో ఏముందో నాకు సగమే అర్థమవుతుంది. ఈ లెక్క మాత్రం ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. నాన్న ఫోన్లో చుట్టాలకి చెప్పేది కూడా ఇదే: "ఎనిమిది దాకా వచ్చింది."

దీనికి ఇంట్లో పేరు కూడా స్థిరపడింది. పఫ్ అనరు, చీజ్ అనరు. పెద్దమ్మ ఫోన్ చేసి, ఆదివారం వస్తున్నా, "ఆ చల్ల హాటు" చేయమంది. చలిలో పుట్టే హాటు కాబట్టి ఆ పేరు సరిగ్గానే ఉంది. నిన్న రాత్రి పిండి మడతలు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. అమ్మ రోలు కడిగి బోర్లించింది. పోపుల పెట్టెలోంచి మిరియాలు తీసి అరచేతిలో లెక్కపెట్టుకుని, ఒకటి వెనక్కి వేయబోయి, ఆగి, మళ్లీ చేతిలోనే ఉంచుకుంది. "తొమ్మిది వేయ్" అంది.