పోయిన బంగారం ఎక్కడికీ పోదు

ఇంట్లో నగ కనిపించకపోతే ముందుగా నోటికొచ్చే ప్రశ్న "ఎవరు తీశారు?" అన్నదే. "ఎక్కడ పడింది?" అన్నది చాలాసేపటికి గానీ రాదు. ఇది ఈనాటి అలవాటు కాదు. వినాయక చవితి నాడు అక్షింతలు చేత పట్టుకుని ఏటా మనం వినే కథే చూడండి. శమంతకమణి కనపడకుండా పోయింది. దాన్ని మెడలో వేసుకుని వేటకెళ్ళిన ప్రసేనుడు తిరిగి రాలేదు. ఒకప్పుడు ఆ మణి తనకిమ్మని అడిగాడు కాబట్టి కృష్ణుడే ప్రసేనుణ్ణి చంపి కాజేశాడని అతని అన్న సత్రాజిత్తు ఊరంతా చాటాడు. కృష్ణుడు వాదానికి దిగలేదు. జనాన్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళాడు. ప్రసేనుడి శవం, అక్కణ్ణుంచి సింహం అడుగులు, సింహం చచ్చి పడివున్న చోటినుంచి భల్లూకం అడుగులు, ఆ జాడ పట్టుకుని జాంబవంతుడి గుహ దాకా. నీలాపనింద పోగొట్టుకోవడానికి ఆయన ఎంచుకున్న దారి జాడ తీయడం. ఆ కథలో నన్ను ఎప్పుడూ పట్టుకునేది ఈ వెతుకులాటే.

మన ఊళ్ళలో ఆ దారి పట్టినవాళ్ళు తక్కువ. నగ పోతే అంజనం వేయించేవారు. కాటుక పూసి, చిన్నపిల్లవాణ్ణి ఎదురుగా కూచోబెట్టి, అందులో ఎవరి మొహం కనిపిస్తోందో చెప్పమనేవారు. సోది అడిగేవారు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా అని సవాలు విసిరేవారు. ఇవన్నీ మనిషిని పట్టుకోవడానికి పుట్టిన పద్ధతులు, వస్తువును పట్టుకోవడానికి పనికొచ్చేవి కావు. అనుమానం కూడా ఎప్పుడూ పల్లానికే పారేది. పనిమనిషి, పాలేరు, కొత్తకోడలు, ఇంట్లో ఉండి చదువుకుంటున్న బీద బంధువుల కుర్రాడు. ఆర్నెల్ల తర్వాత ఆ ఉంగరం గడ్డివాము అడుగునో, అంట్లు తోమే చోట బూడిదలోనో దొరికినా, ఆ మనిషి మీద పడ్డ మచ్చ చెరిగేది కాదు. అందుకే మెటల్ డిటెక్టర్ అంటే నాకు గౌరవం. గుడి వాకిట్లోనూ సినిమాహాలు గుమ్మంలోనూ అది మనుషుల్ని తడిమే పనిలో ఉంటుంది గానీ, ఇసుకలోకీ పొలంలోకీ దిగితే దానికి మనుషులతో పనిలేదు. వస్తువు ఎక్కడుంది అన్నదొక్కటే దాని గోల.

మా పెద్దమ్మగారి అబ్బాయి విశాఖపట్నంలో ఉంటాడు. ఎలక్ట్రానిక్స్ పనిలో రిటైరయ్యాక ఒక డిటెక్టర్ కొనుక్కున్నాడు. రుషికొండ, యారాడ, భీమిలి తీరాల్లో ఎవరిదైనా నగ పోయిందని కబురొస్తే వెళ్తాడు. పెట్రోలు డబ్బులు తప్ప ఇంకేమీ పుచ్చుకోడు. కొన్నిసార్లు నేనూ వెంట వెళ్ళాను.

ఒకసారి రుషికొండ దగ్గర కొత్తగా పెళ్ళయిన అమ్మాయి నల్లపూసల గొలుసు అలలో తెగి పడిపోయింది, రెండు పుస్తెలతో సహా. మేం వెళ్ళేసరికి ఆమె ఏడుస్తోంది. భర్త నీళ్ళలో కాళ్ళతో కెలుకుతున్నాడు. సాయం చేద్దామని వచ్చిన కుర్రాళ్ళు చేతులతో ఇసుక తోడేస్తున్నారు. స్పీకర్లో ఉన్న ఫోనులోంచి, మెళ్ళో సూత్రాలే కాపాడుకోలేని పిల్ల కాపరం ఏం కాపాడుతుందన్న మాట మాకూ వినపడింది. అన్నయ్య ముందు ఆ కుర్రాళ్ళని ఆపాడు.

"తవ్వకండి బాబూ. తవ్వినకొద్దీ అది కిందికి దిగుతుంది. మెల్లిగా బయటికొచ్చెయ్యండి."

తర్వాత ఆ అమ్మాయి పక్కన కూచున్నాడు.

"ఏడవకు తల్లీ. అది ఇక్కడే ఉంది. నువ్వు పడ్డప్పుడు నీళ్ళు ఎందాకా ఉన్నాయి?"

"మోకాళ్ళ దాకా అంకుల్. పెద్ద అల వచ్చి తోసేసింది."

"అంతకుముందు మెళ్ళో ఉందని నీకు గట్టిగా తెలుసా?"

"ఉందంకుల్. ఈయన అప్పుడే ఫొటో తీశారు, చూడండి."

ఆ ఫొటోయే దారి చూపింది. గొలుసు మెళ్ళో ఉన్న ఆఖరి క్షణం అది. మూలన నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన ఒక రాయి, దాని వెనక కొండకొమ్ము ఒకే వరసలో కనిపిస్తున్నాయి. అన్నయ్య ఫోను పట్టుకుని, ఆ రెండూ అలాగే ఒక వరసలోకి వచ్చేదాకా ఒడ్డు వెంట నడిచాడు. వేటకెళ్ళే జాలర్లు రెండు కొండల వరస చూసి చేపలు పడే తావు గుర్తుపెట్టుకున్నట్టే. అక్కడ నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గేదాకా ఆగాడు. ఆ ఆగడం చాలామందికి చేతకాదు. కంగారులో ఉన్నవాళ్ళకి ఊరికే కూచోవడం అంటే పోగొట్టుకోవడమే అనిపిస్తుంది. కానీ బంగారం సాంద్రత 19.3, ఇసుకది దాదాపు 2.65. అల ఇసుకను కదిలించిన ప్రతిసారీ బరువైనది కిందికే దిగుతుంది, గట్టి పొర తగిలేదాకా. అలలు దాన్ని ఎంతో దూరం ఈడ్చుకుపోయి ఉంటాయని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది పడ్డచోటికి దగ్గర్లోనే, కాస్త లోతున ఉంటుంది. తుప్పు పట్టదు, కుళ్ళదు. తప్పిపోయేది మన గుర్తే.

యంత్రం చేసే పని చెప్పుకోవడానికి తేలిక. చివరనున్న పళ్ళెం లాంటి దాంట్లో రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు కొన్నివేల సార్లు దిశ మార్చుకునే కరెంటు పారుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగి, అక్కడున్న లోహంలో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. ఆ సుడులు తిరిగి పంపే చిన్న క్షేత్రాన్ని రెండో చుట్ట పసిగడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమే దీనికంతటికీ పునాది. తిరిగొచ్చే కబురు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న తేడాను బట్టి ఇనుమా, అల్యూమినియమా, వెండా అని యంత్రం ఊహిస్తుంది. బంగారం దగ్గరే చిక్కంతా. సన్న ఉంగరమూ మందుబిళ్ళల రేకూ దాని చెవికి ఇంచుమించు ఒకటే. అందుకని రేకుల్ని వదిలేద్దామనుకునేవాడు ఉంగరాన్నీ వదులుకుంటాడు. మోగిన ప్రతిదీ తవ్వాల్సిందే. ఆ వేళ అన్నయ్య జల్లెడగరిటెలోకి వచ్చినవి సీసామూతలు, సిగరెట్టు పెట్టెల తళుకు కాయితం, నిమజ్జనం చేసిన ఏ విగ్రహంలోదో ఒక తుప్పుపట్టిన చువ్వ. పైగా ఉప్పునీరు తానే కరెంటు పారనిస్తుంది కాబట్టి అల తగిలినప్పుడల్లా యంత్రం ఉలిక్కిపడుతుంది. భీమిలి వైపు అయితే ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ కలిసిన నల్ల ఇసుక చారలు మరో తలనొప్పి. నేల మారినప్పుడల్లా యంత్రాన్ని ఆ నేలకు తగ్గట్టు సరిచేసుకోవాలి.

చీకటి పడబోతుండగా ఒక చోట స్థిరంగా, మళ్ళీ మళ్ళీ ఒకేలా మోగింది. గరిటె ముంచి నీళ్ళలో కడిగితే ఇసుక జారిపోయి పుస్తె మిగిలింది. దానికి చుట్టుకుని గొలుసు, రెండో పుస్తె. సన్నగొలుసును యంత్రం దాదాపుగా వినలేదని నాకు అప్పుడే తెలిసింది. గొలుసులోని ప్రతి లంకె విడివిడిగా చిన్నది, ఒక్కొక్కదానిలో పుట్టే సుడి అతి బలహీనం. గుండ్రని రేకులా ఉండే పుస్తె మాత్రం గట్టిగా పలుకుతుంది. ఆ పుస్తెలే లేకపోతే అంత గొలుసూ ఇసుక కిందే ఉండిపోయేది. అమ్మాయి ముందు ఫోను అందుకుంది.

ఈ యంత్రం చరిత్రలో నాకు బాగా గుర్తుండిపోయిన ఘట్టం నగల గురించి కాదు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో గుండు ఎక్కడుందో తెలియలేదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే పరికరం తయారుచేసి తెచ్చాడు. ఎక్స్‌రేలు ఇంకా లేని కాలం అది. వైద్యం చూస్తున్న డాక్టర్ బ్లిస్ గుండు కుడివైపే ఉందని నిశ్చయించుకున్నాడు, కుడివైపే వెతకనిచ్చాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా పరికరాన్ని తికమక పెట్టాయి. సెప్టెంబరు 19న అధ్యక్షుడు చనిపోయాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. ముందే ఒక నిర్ణయానికి వచ్చేసినవాడి చేతిలో ఎంత గొప్ప పరికరమైనా ఏం చేస్తుంది? ఆ పరుపు స్ప్రింగుల చిక్కు మన ఇళ్ళలోనూ ఉంది. స్లాబులోని ఇనుప చువ్వలు, బీరువాలు, మంచాలు అన్నీ మోగుతాయి. ఇంట్లో పోయినదానికి టార్చిలైటు నేలకి ఆనించి పక్కవాటుగా వేసి చూడటం, సింకు కింద వంపు గొట్టం విప్పడం ఎక్కువ ఫలితమిస్తాయి.

పెరడు, పొలం, గడ్డివాము అయితే యంత్రానికి పండగే. ఎండుగడ్డి దానికి అడ్డే కాదు. నాట్లప్పుడు బురదలో జారిన దుద్దు, కళ్ళంలో పడ్డ ఉంగరం మరీ లోతున లేకపోతే మామూలు యంత్రానికి అందుతాయి. దున్నకముందే పిలవాలి, అంతే. గోదావరి వంతెనల కింద పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి చిల్లర డబ్బులు లాగడం చూసినవాళ్ళు, నగల్నీ అలా తీయొచ్చు కదా అంటారు. ఉక్కు నాణేలు అంటుకుంటాయి గానీ బంగారం అంటదు. దాన్ని పట్టిచ్చేది దాని బరువే. కంసాలి వీధుల కాలవల్లో మట్టి కడిగి బంగారు నలుసులు తీసి బతికినవాళ్ళు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు. వాళ్ళదీ బరువును నమ్ముకున్న విద్యే. ఉప్పాడలో ఇప్పటికీ అది చూడొచ్చు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత అక్కడి జనం ఒడ్డున ఇసుక గాలించి చిన్నచిన్న బంగారు ముక్కలు ఏరుకున్నారు. సముద్రం ఏళ్ళ తరబడి ఆ ఊరి ఇళ్ళనీ గుళ్ళనీ మింగుతూ వచ్చింది. పునాదిలో నవధాన్యాలతో పాటు పిసరంత బంగారం వేసి ఇల్లు కట్టుకోవడం మన ఆచారం. తిరిగొచ్చిన ఆ ముక్కలు ఎవరి గడపవో చెప్పడానికి అక్కడ గడపలే లేవు. ఆ వార్త చదివినప్పుడు దొరికినవాళ్ళ సంతోషం కంటే పోయిన ఇళ్ళే నా కళ్ళముందు మెదిలాయి.

ఇదే యంత్రం గుప్తనిధుల వేటగాళ్ళ చేతిలో పడితే నాకు ఒళ్ళు మండుతుంది. పాడుబడ్డ గుడిలో అర్ధరాత్రి నంది విగ్రహాన్ని పగలగొట్టి, గర్భగుడి తవ్వి పోతారు. 2017 చివర్లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారికంగానే నిధికోసం తవ్వకాలు సాగాయి, బంగారం మాత్రం రాలేదు. మన దేశంలో 1878 నాటి చట్టం ప్రకారం నేలలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. పోయిన నగని వెతికేవాడికీ నిధి వేటగాడికీ మధ్య గీత నాకు స్పష్టంగా కనపడుతుంది. ఒకడు ఫలానా మనిషి వస్తువును ఆ మనిషికి ఇవ్వడానికి నేల తవ్వుతాడు. ఇంకొకడు అందరిదీ అయినదాన్ని తనది చేసుకోవడానికి తవ్వుతాడు.

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతంలోని హాక్స్‌న్ అనే ఊళ్ళో 1992 నవంబరులో జరిగినదాన్ని అందుకే పదేపదే చెప్పుకోవాలనిపిస్తుంది. ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. వెతికిపెట్టమని డిటెక్టర్ ఉన్న స్నేహితుడు ఎరిక్ లాస్‌ని అడిగాడు. లాస్‌కి మట్టిలో రోమన్ కాలపు బంగారం, వెండి తగిలాయి. కొంత తీయగానే ఇదేదో మామూలుది కాదని గ్రహించి తవ్వడం ఆపి కబురు పెట్టాడు. పురావస్తు శాఖవాళ్ళు మర్నాడు వచ్చి పద్ధతిగా తీస్తే 14,865 నాణేలు, వాటితో నగలు, వెండి సామాను బయటపడ్డాయి. అతను ఆపబట్టే, అవన్నీ దాచిన పెట్టెలో ఏ వస్తువు ఎలా సర్ది ఉండేదో కూడా తెలిసింది. అందుకు తనకు దక్కిన 17.5 లక్షల పౌండ్లను అతను రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అదీ బ్రిటిష్ మ్యూజియం చేరింది.

దొరికినవాడి మీదా అనుమానం వాలుతుంది. శాకుంతలంలో చేప కడుపులో రాజముద్రిక దొరికిన జాలరిని భటులు దొంగగా కట్టి ఈడ్చుకొస్తారు. ఆ భయం ఇంకా పోలేదు. దొరికింది తెచ్చి ఇస్తే స్టేషనులో ఏం అడుగుతారో అని చాలామంది ఇవ్వరు. కానీ దొరికినవాడు యజమాని కోసం తగిన ప్రయత్నం చెయ్యకుండా వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం. ఇప్పుడు ఆ ప్రయత్నం తేలికైంది కూడా. 2023 ఏప్రిల్ నుంచి కొట్లో అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆరక్షరాల గుర్తు తప్పనిసరి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ నగల కొట్టువారు హాల్‌మార్క్ చేయించారో తెలుస్తుంది, అక్కణ్ణుంచి కొన్నవాళ్ళ దాకా వెళ్ళొచ్చు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది మునకలు వేస్తారు, నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారతాయి, తోపులాటలో గొలుసులు తెగుతాయి. తప్పిపోయిన పిల్లల కోసం మైకు పెట్టినట్టే, ప్రతి పెద్ద రేవులోనూ నీళ్ళలో ముంచదగిన డిటెక్టర్ ఒకటి, దాన్ని వాడటం నేర్చిన ఇద్దరు మనుషులు, దొరికినవి రాసుకునే పుస్తకం ఒకటి పెట్టాలని నా కోరిక. నదినీరు ఉప్పునీరు కాదు, పని సముద్రం కంటే తేలిక. రాత్రి జనం పలచబడ్డాక మెట్ల కింద ఇసుకను వరసగా గాలిస్తే చాలు. ఖర్చు పందిళ్ళ ఖర్చులో ఒక మూలకి రాదు. అన్నయ్య తన యంత్రం పట్టుకుని రాజమండ్రి వస్తానంటున్నాడు, ఎవరిని అడగాలో కనుక్కునే పని నాకు అప్పజెప్పాడు.