ఐదు మీటర్ల తాడు

జగిత్యాల ప్రాంతంలోని రాయికల్ మండలంలో నేను వ్యవసాయ అధికారిగా ఉన్నప్పుడు ప్రపంచ శాస్త్రవేత్తల తగాదా ఒకటి మా పొలాల దాకా వచ్చింది. అది శ్రీ వరి అనే సాగు పద్ధతి గురించి. మడగాస్కర్‌లో లౌలానీ అనే ఫ్రెంచి మతగురువు 1980ల్లో రైతులతో కలిసి ఈ సాగును రూపొందించాడు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ అప్‌హాఫ్ దాన్ని దేశదేశాలకు చెప్పారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విస్తరణ సంచాలకులుగా ఉన్న అలపాటి సత్యనారాయణ గారు శ్రీలంకలో చూసి వచ్చి, 2003 ఖరీఫ్‌లో రైతుల పొలాల్లోనే వేయించారు.

ఎకరానికి 2 కిలోల విత్తనం చాలు. 8 నుంచి 12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల ఎడంతో ఒక్కొక్క మొక్క. మడిలో నీళ్లు నిలబెట్టకుండా తడి పెడుతూ ఆరబెడుతూ, కలుపును వీడర్‌తో అక్కడే తొక్కేయాలి. ఎకరానికి పాతిక కిలోల విత్తనం చల్లి, నెల నారును గుత్తులుగా నాటే మా ప్రాంతంలో ఇది విన్నవాళ్లు ఒకటే అడిగేవాళ్లు. "ఒక్కొక్క పోచ నాటితె పొలం నిండుతదా సారూ?"

శాస్త్రవేత్తల్లోనూ అదే అనుమానం, కాకపోతే ఇంకా కటువుగా. మడగాస్కర్ నుంచి హెక్టారుకు 15, 20 టన్నులన్న లెక్కలు వచ్చాయి. 2004లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు చెందిన జాన్ షీహీ బృందం, మొక్కకు అందే సూర్యరశ్మిని బట్టి అంత దిగుబడి సాధ్యం కాదని రాసింది. సింక్లెయిర్, కాస్‌మన్ అనే ఇద్దరు ఈ లెక్కలను ఆకాశంలో కనబడ్డాయని చెప్పుకునే ఎగిరే పళ్లేలతో పోల్చారు. సమర్థకులు మాత్రం, వాళ్లు పద్ధతిని సరిగా పాటించనే లేదన్నారు. ఒకవైపు రుజువు లేదన్న తిరస్కారం, మరోవైపు రుజువు అడగడమే నేరమన్నట్టు కోపం.

ఈ తగాదా తేలే చోటు మా పంటకోత ప్రయోగం. వరిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడిని తాడుతో కొలిచి కోస్తాం. అది 25 చదరపు మీటర్లు. హెక్టారుకు రావాలంటే 400తో హెచ్చించాలి. తూకంలో అర కిలో తేడా వస్తే హెక్టారుకు 2 క్వింటాళ్ల తేడా. అందుకే చోటును మన కన్ను ఎంచకూడదు. లాటరీ అంకె చెప్పినన్ని అడుగులు నడిచి, ఆగిన చోట గూటం కొట్టాలి. గట్టు పక్క దుబ్బులకు గాలి, వెలుతురు ఎక్కువ కాబట్టి గింజ బాగుంటుంది. వాటిని కలిపితే లెక్క పెరుగుతుంది. పచ్చి ధాన్యం తూచినా పెరుగుతుంది, తేమ సరిచూడాలి. అహం పొలంలోకి దిగేది ఇక్కడే. శ్రీ వరి మీద ప్రేమున్న పై అధికారి ఒకరు ఏపుగా ఉన్న మూల చూపించి అక్కడే కోయమన్నారు. దాన్ని నమ్మని పెద్దాయన ఒకరు పొలానికి రావడానికే ఒప్పుకోలేదు. తీర్పు ముందే రాసుకున్న విషయంలో ఇద్దరూ ఒకటే.

అసలైన ప్రయోగం ఒక ముసలి రైతు చేసి చూపించాడు. బోరు కింది మడిని రెండుగా చేసి, ఒకదాంట్లో శ్రీ పద్ధతి, రెండోదాంట్లో తన పాత పద్ధతి పెట్టాడు. విత్తనం ఒకటే, పెంట ఒకటే. "రెండిటిని ఒక్కతీర్గ జూడాలె సారూ. నువ్వు చెప్పినదానికే ఎక్కువ జేస్తె ఏం తెలుస్తది?" అన్నాడు. మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో లోకానికి గుర్తు చేసిందీ ఇదే. శ్రీ వరిని అశ్రద్ధగా చేసిన పాత సాగుతో కాదు, బాగా చేసిన పాత సాగుతో పోల్చాలి. అలా పోల్చినప్పుడు మడగాస్కర్ బయట దిగుబడిలో అదనపు లాభం వాళ్లకు కనబడలేదు.

మా పొలాల్లో ఫలితాలు ఒక తీరుగా రాలేదు. బోరు కింద తేలిక నేలల్లో బాగుంది. కాలువ నీళ్లు నిలిచే బరువు నేలల్లో మడిని ఆరబెట్టడమే కుదరలేదు. నాట్లేసే ఆడవాళ్లకు వేలెడంత నారు పట్టుకోవడం, మగవాళ్లకు వీడర్ తోయడం భారమైంది. కానీ ఆ రైతు అడిగింది టన్నుల లెక్క కాదు, మోటరు ఎన్ని గంటలు తక్కువ నడిచిందని. విత్తనం, నీళ్లు ఆదా అయ్యాయన్నది కళ్లముందున్న నిజం. దిగుబడి మీద పట్టుబట్టిన రెండు పక్షాలకూ ఆ ప్రశ్న చిన్నదిగా తోచింది. తడి పెట్టి ఆరబెట్టే నీటి యాజమాన్యాన్ని ఆ అంతర్జాతీయ వరి సంస్థే రైతులకు సిఫారసు చేసింది. ఒక పద్ధతిని మూటగా నెత్తికెత్తుకోవడమో మూటగా అవతల పారేయడమో కాదు, విప్పి ఒక్కొక్కటి పరీక్షించాలి.

చోటును మరిచిపోవడం కూడా అహమే. వరిని పీడించే ఉల్లికోడు జగిత్యాలలో ఒక తెగ, వరంగల్‌లో ఇంకో తెగ. ఒకచోట దాన్ని తట్టుకున్న రకం రెండోచోట లొంగిపోవచ్చు. జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధనా కేంద్రం మన నేల మీదే రకాలను నిలబెట్టి చూడడానికి కారణం అది. ఎంత పెద్ద పేరున్నవాళ్లు చెప్పినా, రాయికల్‌లో రుజువు రాయికల్ మట్టిలోనే కావాలి.

కొత్తగా వచ్చే విస్తరణ అధికారులకు నేను చెప్పేది రెండే మాటలు. తాడు పట్టుకునే ముందే, ఎంత తూకం వస్తే నా అభిప్రాయం మార్చుకుంటానో రిజిస్టర్‌లో రాయండి. తక్కువ వచ్చిన మడిని కూడా అదే పేజీలో, అదే సిరాతో రాయండి. మనసు తెరిచి ఉండడమంటే ఎవరేం చెప్పినా తలూపడం కాదు, ఓడిపోయే అవకాశాన్ని మన నమ్మకానికి కూడా ఇవ్వడం. రైతు తన ఎకరాన్నే పందెం కట్టి ఆ అవకాశం ఇస్తున్నాడు. జీతం తీసుకునే మనం అంతకంటే తక్కువ ఇవ్వకూడదు.