అంకెల వెనుక మనుషులు

సర్వే ఫారాల కట్ట పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న సమాజశాస్త్ర విద్యార్థులను చూసినప్పుడల్లా ఒకటే ఆలోచన. ఊరూరా తిరిగి, అరుగుల మీద కూర్చుని విన్న బతుకులన్నీ ఇప్పుడు 1, 2, 99 అంకెలైపోతాయి కదా!

ఇలాంటి సర్వేల అవసరం కోసమే 1968లో స్టాన్‌ఫర్డ్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ పుట్టింది. తర్వాత న్యూజిలాండ్‌లో పుట్టిన ‘ఆర్’ ఉచితంగానే దొరుకుతోంది. మీట నొక్కితే సగటు వచ్చేస్తుంది. కానీ తొమ్మిది కుటుంబాలకు తలా ఒక ఎకరం, పదో కుటుంబానికి 31 ఎకరాలు ఉంటే సగటు 4 ఎకరాలు. నాలుగెకరాల కుటుంబం ఆ పదింటిలో ఒక్కటీ లేదు! వరుసలో పేర్చితే నడుమ నిలిచే విలువను, అంటే మధ్యగతాన్ని అడిగితే, ఒక్క ఎకరమేనని ఉన్న సంగతి చెబుతుంది. ‘జవాబు లేదు’ అన్నదానికి వేసిన 99ని సాఫ్ట్‌వేర్‌కు విడిగా చెప్పకపోతే, వయసు చెప్పని అవ్వ 99 ఏళ్లదైపోతుంది. సగటు వయసూ పెరిగిపోతుంది.

లెక్క యంత్రం చేస్తుంది. ఏ లెక్క, ఎందుకు అన్నది తేల్చుకోవాల్సింది మనమే. అందుకే మీటల కంటే ముందు ప్రశ్న వేయడం నేర్పాలి. పట్టికలోని ప్రతి వరుసా మనల్ని నమ్మి నోరు విప్పిన ఒక మనిషి. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే గణాంక విద్య.