రివైండ్ బటన్ ఆపేశాక

పాత వీడియో గేములంటే నాకు ప్రాణం. ఆ ఇష్టాన్ని నేనే చేతులారా పాడు చేసుకున్నాను. అది నాతో ఆగినా కొంత నయమే. మా అక్క కొడుక్కి కూడా అదే దారి చూపించాను. పన్నెండేళ్ళ ఆ పిల్లవాడు ఒక మాట అడిగితే గానీ నేను చేస్తున్నదేమిటో నాకు అర్థం కాలేదు. నా వయసు వాళ్ళు చాలామంది ఇప్పుడు ఆ పాత ఆటలను మళ్ళీ కొనుక్కుంటున్నారు, పిల్లల చేతికి ఇస్తున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది ఉట్నూర్. తొంభైల నడుమ మా బాపు ఏదో పని మీద ఆదిలాబాద్ పోయి, గుడిహత్నూర్, ఇంద్రవెల్లి మీదుగా వచ్చే బస్సులో ఒక టీవీ గేమ్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు అది నకలు. మన చిన్న ఊళ్ళకు చేరినవి దాదాపు అన్నీ ఆ నకళ్ళే. క్యాసెట్ మీద 9999 ఆటలని అచ్చు వేసి ఉండేది. లోపల ఉన్నవి కొన్నే, అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మాకు అవి చాలు. ట్యాంకుల ఆట, రోడ్ ఫైటర్, సర్కస్, మారియో, అన్నిటికంటే ముందు కాంట్రా.

సెలవు రోజున మా ఇంటి ముందర గదిలో వాడకట్టు పిల్లలంతా ఉండేవాళ్ళు. ఒకరింట్లో గోండి, ఒకరింట్లో లంబాడి, ఇంకొకరింట్లో మరాఠీ, మరొకరింట్లో ఉర్దూ. ఉట్నూర్‌లో ఇది మామూలే. కాంట్రా నడిచేటప్పుడు మాత్రం అందరివీ మూడే మాటలు: దుంకు, కొట్టు, ఆగు.

ఆ మూడింటిలో ‘ఆగు’ అన్నిటికంటే కష్టమైనది. కాంట్రా తెలిసినవాళ్ళకు మూడో స్టేజీ గుర్తుండే ఉంటుంది, జలపాతం. మొదటి స్టేజీలో అడవిలో కుడివైపు పరుగెత్తాలి, ఇక్కడేమో రాళ్ళ మెట్ల మీద పైకి ఎక్కాలి. పైనుంచి బండలు దొర్లుతుంటాయి. ఇద్దరు ఆడుతుంటే, ముందు ఎక్కినవాడితో పాటు తెర కూడా పైకి జరుగుతుంది. కింద మిగిలినవాడు తెర అంచు దాటాడంటే ప్రాణం పోయినట్టే. శత్రువు కాల్చనక్కర్లేదు, తోటివాడి తొందర చాలు. “నేనింక కిందనే ఉన్నరా, జర ఆగు!” అనే అరుపు మా ఇంట్లో ఎన్నిసార్లు వినిపించిందో. తిట్టుకున్నాం, అలిగాం, రిమోట్ విసిరేసి పోయాం. మర్నాడు మళ్ళీ కూర్చుని, ఎవరు ముందు ఎక్కాలి, ఎవరు కింద నుంచి కాల్చాలి అని మాట్లాడుకుని ఎక్కాం. ఇద్దరం కలిసి ఒక పని చేయడమంటే ఏమిటో నాకు మొదట తెలిసింది అక్కడే.

అప్పుడు సేవ్ చేసుకోవడం లేదు. ఉన్నవి మూడే లైఫులు. ఒక్క గుండు తగిలితే లైఫ్ పోతుంది, దానితో పాటు చేతిలో ఉన్న మంచి తుపాకీ కూడా పోతుంది. ఇన్ని తప్పించుకుని ఆరో స్టేజీకి చేరామనుకోండి, ఈదురుగాలి లేస్తుంది, కరెంటు పోతుంది. వచ్చాక మళ్ళీ మొదటి నుంచే.

ఈ ఆటలు ఇంత కఠినంగా ఉండటానికి కారణాలు ఉన్నాయి. కొన్ని బయట పార్లర్లలో పైసలేసి ఆడే యంత్రాల నుంచి వచ్చినవి. కాంట్రా కూడా 1987లో మొదట అట్లాగే వచ్చి, మరుసటి ఏడు ఇళ్ళకు చేరింది. ఆడేవాడు త్వరగా ఓడిపోతేనే ఇంకో టోకెన్ కొంటాడు. మన దగ్గర అందరూ ‘ముస్తఫా’ అని పిలిచే ఆట, అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ చేసినది, సరిగ్గా ఈ లెక్క మీద నడిచేది. ఎండాకాలం సెలవులకు కరీంనగర్ పోయినప్పుడు నా జేబు డబ్బులన్నీ దానికే. ఆ కష్టంలో వ్యాపారం ఉందని ఒప్పుకుంటాను. దాన్ని వెనకేసుకు రాను.

ఇంటి ఆటలకు ఇంకో కారణం, జాగా లేకపోవడం. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం, 32 స్టేజీలు, సంగీతం, బొమ్మలు, అన్నీ కలిపి 40 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక మామూలు ఫొటో అంతకంటే పెద్దది. అందుకే ఆకాశంలో మేఘం, నేల మీద పొద రెండూ ఒకే బొమ్మ, రంగే వేరు. అంత చిన్న ఆట పిల్లలను నెలల తరబడి పట్టి ఉంచాలంటే, మళ్ళీ మళ్ళీ ఆడినకొద్దీ కొత్తగా తెలిసేట్టు ఉండాలి. మంచి ఆటల్లో ఆ కష్టం న్యాయంగా ఉంటుంది. కాంట్రాలో గోడ తుపాకులు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి. ఆయుధం మోసుకొచ్చే గుళిక అదే చోట ఎగురుతూ వస్తుంది. నిన్న నిన్ను చంపినది ఇవాళ కూడా అక్కడే ఉంటుంది. నువ్వు నేర్చుకున్నావా లేదా అన్నదొక్కటే ప్రశ్న.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా తప్పు చేశాను.

ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, చాలా ఏళ్ళ తర్వాత టీవీకి తగిలించుకునే చిన్న గేమ్ స్టిక్ ఒకటి కొన్నాను. చిన్నప్పుడు ఆడినవీ, పేర్లు మాత్రమే విన్నవీ వేల ఆటలు అందులో ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు సేవ్ చేసుకోవచ్చు. రివైండ్ కూడా ఉంది. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే ఆట వెనక్కి నడుస్తుంది, చచ్చినవాడు లేచి నిలబడతాడు, దుంకిన దుంకు వెనక్కి వస్తుంది.

మొదట్లో ఒకటీ రెండు చోట్ల వాడాను. తర్వాత ప్రతి దుంకుకూ వాడాను. కాంట్రా ముగిసింది, మారియో ముగిసింది, చిన్నప్పుడు రెండో స్టేజీ దాటలేని నింజా గైడెన్ కూడా ముగిసింది. ముగిసిన ప్రతిసారీ తెర మీద అక్షరాలు వస్తుంటే నాకు ఏమీ అనిపించలేదు. లెక్కల పుస్తకం వెనక జవాబులు చూసి రాసుకున్నట్టు ఉంది. అక్కడైనా నా తప్పు నాకు తట్టాలి. తట్టలేదు. ఆటలే పాతబడ్డాయి, నాకే వయసు వచ్చింది అని సరిపెట్టుకున్నాను.

వయసు మాట వచ్చింది కాబట్టి ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. దుంకాల్సిన చోట నా వేలు కొంచెం ఆలస్యంగా పడుతోందని నేను నిజంగా నమ్మాను. ఆలస్యం నా వేలిది కాదు, టీవీది. పాత డబ్బా టీవీ సిగ్నల్ అందిన వెంటనే తెర మీద గీసేది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ బొమ్మను ముందు తన లోపలికి తీసుకుంటుంది, పెద్దది చేస్తుంది, నునుపు చేస్తుంది, అప్పుడు చూపిస్తుంది. సెకనుకు 60 బొమ్మలతో నడిచే ఆటలో నాలుగైదు బొమ్మల ఆలస్యమంటే గుంతలో పడటానికి చాలు. టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ పెట్టాక చాలావరకు సర్దుకుంది. బాతులను కాల్చే ఆట కోసం తుపాకీ కూడా కొన్నాను. అది ఈ టీవీల మీద పని చేయదని తర్వాత తెలిసింది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీ పట్టుకోవాలి. డబ్బా టీవీ వెలుగుకూ వేగానికీ చేసిన ఏర్పాటు అది.

ఒక ఎండాకాలం సెలవులకు అక్కతో పాటు ఆమె కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో ఆటలు ఆడేవాడే గానీ ఇటువంటివి చూడలేదు. నా చిన్నతనం వాడికి ఇస్తున్నానన్న సంబరంతో కాంట్రా పెట్టి, మొదటి గంటలోనే రివైండ్ బటన్ నేర్పాను. పిల్లవాడు ఓడిపోయి బాధపడకూడదని నా ఉద్దేశం. పైగా వాడు ఎక్కడ ఆగిపోయినా చేతిలోంచి రిమోట్ తీసుకుని, “ఇటు తే బిడ్డా, గిది నేను దాటిస్త” అని దాటించేవాడిని. వాడు ఒకసారి నా వైపు తిరిగి, “మామా, గిది నేను ఆడుతున్ననా, నువ్వు ఆడుతున్నవా?” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

మూడు నాలుగు రోజులకే వాడు రిమోట్ పక్కన పెట్టేశాడు. నచ్చలేదా అని అడిగితే అన్నాడు: “ఇందుల సచ్చిపోయినా ఏం గాదు గదా మామా. మరి గెలిస్తె మాత్రం ఏముంది?”

అని క్రికెట్ బ్యాటు తీసుకుని బయటికి పోయాడు. నేను ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. గోడ తుపాకీ ఎక్కడుందో తెలుసుకోవడానికి వాడికి అవకాశమే ఇవ్వలేదు నేను. తగిలిన క్షణంలోనే ఆ దెబ్బను చెరిపేశాను. చెరిపేసిన దెబ్బ ఏమీ నేర్పదు. ఓటమిని మిగల్చకుండా తీసేస్తే ఆ ఆటలో కొన్ని కిలోబైట్ల బొమ్మలు తప్ప ఏముంటుంది?

మర్నాడు రివైండ్‌ను సెట్టింగుల్లోంచే తీసేశాను. వాడికి ఒకటే మాట చెప్పాను: “ఇప్పటి సంది నేను నీ రిమోట్ ముట్ట.” మొదటి స్టేజీలో ఒక వంతెన ఉంటుంది, కాలు పెట్టగానే ముక్క ముక్కగా పేలుతుంది. వాడు అక్కడ పడ్డాడు, మళ్ళీ పడ్డాడు. పక్కన కూర్చుని నోరు మూసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తర్వాత వాడే గమనించాడు, పేలుడు వరుసగా నడుస్తుందని, ఆగకుండా ముందే దుంకాలని. దాటినప్పుడు వాడు వేసిన కేకకు మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సెలవులు అయ్యేలోపు ఇద్దరం కలిసి జలపాతం ఎక్కాం. ఈసారి కింద ఉండిపోయి అరిచింది నేనే.

అలాగని సేవ్ చేసుకోవడమే తప్పని అనలేను. కరెంటు పోతేనో, అన్నానికి పిలిస్తేనో ఆట ఆపి, మళ్ళీ వచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టడం న్యాయమే. ఉట్నూర్‌లో గాలివానలు చూసినవాడిగా దాని విలువ నాకు తెలుసు. ఆపడానికి సేవ్ వాడుకోవచ్చు, తప్పు చెరపడానికి మాత్రం వాడకూడదు. ఆటలు చేసినవాళ్ళు కూడా దయ లేనివాళ్ళు కారు. మారియోలో అన్ని లైఫులూ పోయాక, మొదటి తెర మీద ‘ఎ’ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, మనం ఓడిపోయిన ‘వరల్డ్’ (కొన్ని స్టేజీల గుంపు) మొదటి స్టేజీ నుంచి ఆడనిస్తుంది. చిన్నప్పుడు ఇది మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. దుంకు తప్పిన చోటికి మాత్రం అది తీసుకుపోదు, కొంత దూరం మళ్ళీ నడవమంటుంది.

కాంట్రాలో ముప్పై లైఫులిచ్చే బటన్ల వరుస సంగతీ అంతే: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. కొనామీ కంపెనీలో పనిచేసిన కజుహిసా హాషిమోటో, గ్రేడియస్ ఆటను ఇంటి యంత్రానికి మార్చేటప్పుడు, అది మరీ కష్టమై తానే పరీక్షించలేక ఇటువంటి వరుస పెట్టుకున్నాడు. 1986లో ఆట బయటికి వచ్చేనాటికి దాన్ని తీసేయడం మరిచిపోయారు. 2020లో ఆయన చనిపోయినప్పుడు లోకమంతా ఆయనను ఆ పది బటన్లతోనే తలుచుకుంది. ముప్పై లైఫులున్నా గుండు తగిలితే ఒకటి పోతుంది, తుపాకీ పోతుంది. ఓటమి ఇంకా ఓటమిగానే ఉంటుంది. పిల్లలకు సాయం కావాలంటే ఇటువంటిది ఇవ్వండి.

వేళ్ళు సరిగా కదలనివాళ్ళకు, చూపు తక్కువైనవాళ్ళకు సాయం చేసే ఏర్పాట్లు ఆటల్లో ఉండి తీరాలి. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కఠినమైన ఆట. అందులో వేగం తగ్గించుకునే ‘అసిస్ట్ మోడ్’ పెట్టారు. ఎవరికి ఎంత కావాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. నా తప్పు వేరు. అడగని పిల్లవాడి మీద నేను ఆ సాయాన్ని రుద్దాను.

కష్టమైన ఆటల కాలం పోయిందనుకునేవాళ్ళకు ఒక సంగతి. 1989లో నింటెండో తెచ్చిన టెట్రిస్‌లో 29వ లెవెల్ దాటడం మనిషి వల్ల కాదని చాలాకాలం నమ్మారు, ముక్కలు అంత వేగంగా పడతాయి. ఆడేవాళ్ళు వేళ్ళు కదిపే కొత్త పద్ధతులు కనిపెట్టుకుంటూ పోయారు. 2023 డిసెంబర్ 21న అమెరికాలో విల్లిస్ గిబ్సన్ అనే పదమూడేళ్ళ అబ్బాయి 157వ లెవెల్‌కు చేరాడు. అక్కడ ఆట చేతులెత్తేసి ఆగిపోయింది. తాను పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందటి ఆటను వాడు ఓడించాడు.

మీ ఇంట్లో సజ్జ మీద పాత టీవీ గేమ్ ఉంటే దించండి. క్యాసెట్ పిన్నుల మీద నోటితో ఊదకండి, మేమంతా చేసిన తప్పు అది. తడి తగిలి పిన్నులు చిలుము పడతాయి, దూదికి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. కొత్త స్టిక్ కొన్నవాళ్ళు పిల్లల చేతికి ఇచ్చే ముందు రివైండ్ ఆపేయండి, టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, రెండో రిమోట్ మీరు పట్టుకోండి. మొదటిది పిల్లల చేతిలోనే ఉండనివ్వండి.