స్వయంపాకం

క్రైస్తవులందరిదీ ఒకే గ్రంథం కదా, మరి మీలో మీకు ఇన్ని వాదాలెందుకండీ అని మా కాలేజీ స్నేహితులు నన్ను అప్పుడప్పుడు అడుగుతూ ఉంటారు. గ్రంథం ఒకటైతే అర్థమూ ఒకటే అయి ఉండాలని వాళ్ళ ఉద్దేశం. నేను ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఒక పద్యానికి ఇద్దరు వ్యాఖ్యాతలు రెండర్థాలు చెబితే, పిల్లల చేత రెండూ రాయించి రెంటికీ మార్కులు వేస్తాను. కాని బుధవారం సాయంత్రాలు మా పేటలో ఎవరో ఒకరి యింట్లో జరిగే వాక్యధ్యానంలో ఆ సౌకర్యం లేదు. అక్కడ అర్థం చెప్పి ఊరుకుంటే చాలదు. మర్నాడు పొద్దున్న ఆ అర్థం ప్రకారం నడవాలి. చిక్కంతా అక్కడే వస్తుంది.

మాది గుంటూరు. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ ఈ ఊళ్ళో కాలుపెట్టాడు. ఆ లెక్కన మా వాదాలకు 180 యేళ్ళు దాటాయి. బొట్టు పెట్టుకోవచ్చా, పెళ్ళిలో తాళి ఉండవచ్చా అని పెద్దలు వాదించుకున్నారు, మేమూ వాదించుకుంటున్నాం. వీటన్నిటిలోకీ తరచుగా వచ్చేది ప్రసాదం సంగతి. బొట్టూ తాళీ మా యింటి వ్యవహారాలు. ప్రసాదం అలా కాదు. అది పక్కింటి నుంచి, ఆప్యాయంగా, గిన్నెలో పెట్టుకుని వస్తుంది. దానికి చెప్పే జవాబు పుస్తకానికి కాదు, గుమ్మంలో నిలబడ్డ మనిషికి చెప్పాలి.

మా సంఘంలో అందరం పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ ఉంది. డెబ్భై యేళ్ళకు దగ్గర పడింది. కొడుకూ కోడలుతో ఒక మేడలో కింది వాటాలో అద్దెకు ఉంటుంది. పై వాటాలో ఇంటివారు. ఆ యింటావిడా, ఈవిడా ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకుంటారు. 2021 వేసవిలో కరోనా తగిలి కింది వాటాలో ముగ్గురూ మంచాలెక్కితే, లేచి తిరిగేదాకా రెండు పూటలా గుమ్మంలో కేరేజీ పెట్టి, తలుపు తట్టి, గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయింది ఆ పై వదినగారే.

2023 శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు పై నుంచి పులిహోరా బూరెలూ వచ్చాయి. పెద్దమ్మ ప్రసాదం ముట్టదు. అంతకుముందు అలాంటిది వస్తే కొడుకు చప్పుడు కాకుండా పట్టుకెళ్ళి బయట ఎవరికో ఇచ్చేసేవాడు. ఆ రోజు అతను ఊళ్ళో లేడు. అది కంటపడితే అత్తగారి మనసు కష్టపడుతుందని, ఆవిడ స్నానం చేసి వచ్చేలోగా కోడలు గిన్నె పట్టుకెళ్ళి వీధిలో చెత్తడబ్బాలో దులిపేసింది. పై వాటా మనవడు మెట్లమీద నుంచి చూశాడు. చూసింది చూసినట్లు బామ్మకు చెప్పాడు. బామ్మ ఏమీ అనలేదు. తన గిన్నె తాను తీసుకుంది. కిందికి రావడం మానేసింది.

తర్వాతి బుధవారం కూటం వాళ్ళ యింట్లోనే. పాట అయింది, ప్రార్థన అయింది. కోడలు లేచి నిలబడి అడిగింది:

"అయ్యగారూ, తింటే తప్పా? పారేస్తే తప్పా?"

మాలో బాంకులో పనిచేసే కుర్రవాడొకడున్నాడు. సెల్‌ఫోనులోనే బైబిలు చూస్తాడు, వాక్యం మా అందరికన్నా ముందు దొరుకుతుంది. అతనన్నాడు: "ఇందులో సందేహమేముందండీ? అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేములో పెద్దలు కూర్చుని తేల్చారు. విగ్రహాలకు పెట్టినవి మానమని సంఘాలకు జాబు రాశారు. ప్రకటన గ్రంథంలో పెర్గము సంఘాన్నీ, తుయతైర సంఘాన్నీ దీనికే మందలించారు. రాసి ఉంది, అయిపోయింది."

రిటైరైన హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అదే జాబులో రక్తం కూడా మానమన్నారు నాయనా. మొన్న ఆదివారం మీ యింట్లో రక్తం వేపుడు నాకూ వడ్డించారు. ఆ ముక్క ఎవరు కొట్టేశారు?" అన్నారు. అందరం నవ్వాం. కుర్రవాడూ నవ్వాడు కాని, ప్రశ్న గట్టిదే. ఒకే వరసలో ఉన్న ఆజ్ఞల్లో ఒకటి ఆ కాలానికనీ, ఇంకొకటి అన్ని కాలాలకనీ ఏ కొలతతో విడదీస్తాం?

హెడ్మాస్టరుగారు తన మాట కూడా చెప్పారు. విగ్రహంలో ఏమీ లేదని పౌలే కొరింథువారికి రాశాడు. తిండి మనల్ని దేవుడికి దగ్గరా చెయ్యదు, దూరమూ చెయ్యదు. "పులిహోర పులిహోరే. కరోనాలో కేరేజీలు తిన్నారా లేదా? ఆ వంటింట్లోనే వాళ్ళ దేవుడి మందిరమూ ఉంది" అన్నారు.

పాస్టరయ్యగారు నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీరు చెప్పండి. కొరింథు పత్రికలో ఆ భాగం ఎలా చదవాలి?"

నాకు తెలిసినది చెప్పాను. కొరింథును రోమనులు ఒకసారి నేలమట్టం చేసి, క్రీ.పూ. 44లో మళ్ళీ కట్టారు. పౌలు ఈ జాబు రాసిన క్రీ.శ. 54 ప్రాంతానికి అది సందడిగల రేవు పట్నం. గుళ్ళో బలియిచ్చిన మాంసంలో కొంత అంగడికి అమ్మకానికి వచ్చేది. గుడి ఆవరణల్లో విందులు జరిగేవి; వైద్యదేవతగా కొలిచే అస్క్లేపియస్ గుడి దగ్గర భోజనశాలలు తవ్వకాల్లో బయటపడ్డాయి కూడా. అంచేత అక్కడి విశ్వాసికి ఈ ప్రశ్న రోజూ ఎదురయ్యేదే.

రెండోది, పౌలు రాసిన జాబులో అధ్యాయాలు లేవు. 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు అధ్యాయాలు విడదీశాడు. 1551లో రొబేర్ ఎతియెన్ అనే ముద్రాపకుడు కొత్త నిబంధన వాక్యాలకు ఇప్పుడున్న అంకెలు వేశాడు. అంకెలు వచ్చాక మనకు ఏ వాక్యానికా వాక్యం విడిగా ఏరుకునే అలవాటైంది. మన మీమాంసకులు తాత్పర్యం తేల్చడానికి ఆరు గుర్తులు చెప్పారు. మొదటిది ఉపక్రమోపసంహారాలు, అంటే ఎత్తుగడనూ ముగింపునూ కలిపి చూడటం. 8వ అధ్యాయం ఎత్తుగడలో పౌలు తెలివినీ ప్రేమనూ పక్కపక్కన నిలబెట్టి ప్రేమకే పెద్దపీట వేశాడు. 10వ అధ్యాయం ముగింపులో తన లాభం కన్నా పదిమంది మేలే తనకు లెక్క అన్నాడు. నడుమ 9వ అధ్యాయంలో తిండి సంగతే వదిలేసి, సంఘం నుంచి జీవనం పుచ్చుకునే హక్కు ఉండీ దాన్ని వదులుకున్న తన సంగతి చెప్పుకున్నాడు. మూడూ కలిపి ఒకటే మాట.

ఇక విషయానికొస్తే ఆయన ఒక చోట ఒక జవాబు చెప్పలేదు. గుడి పంక్తిలో కూర్చోవద్దన్నాడు. అంగట్లో కొన్న మాంసం గురించి ఆరా తియ్యవద్దన్నాడు. అన్యుడు భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. పక్కనున్నవాడు ఇది నైవేద్యమని చెబితే, చెప్పినవాడి కోసం మానమన్నాడు. ఇక్కడొక చిన్న విశేషం ఉంది. అంతవరకూ ఆయన వాడిన గ్రీకు మాట "ఐడొలోథుతోన్", విగ్రహబలి. అందులో కొంచెం ఈసడింపు ఉంది. ఈ చివరి చోట, ఎదుటివాడు చెప్పినట్లు రాసేటప్పుడు, ప్రాచీన ప్రతుల్లో మాట మారింది. "హీరోథుతోన్", అంటే దైవార్పితం. ఎదుటివాడి మాటను ఎదుటివాడికున్న గౌరవంతోనే రాశాడన్నమాట.

"అయితే ఏం చెయ్యమంటారు?" అంది కోడలు. నిజమే, ఇంత చెప్పినా ఆ పిల్ల ప్రశ్న ఉన్నచోటే ఉంది.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న పెద్దమ్మ నోరు విప్పింది.

"బాబూ, మీరు చెప్పినవన్నీ నిజమే కాబోలు. నాకు పద్దెనిమిదో యేట తొలిచూలు పిల్లాడు. జ్వరం తగిలింది. ఊరి అమ్మవారికి మొక్కుకున్నాం. అప్పు చేసి పొట్టేలును తెచ్చాం. ప్రసాదం నా చేత్తోనే వాడి నోట్లో పెట్టాను. వాడు దక్కలేదు. మొక్కులో ఏదో లోపం చేశావన్నారు. ఆ లోపమేమిటా అని ఎనిమిదేళ్ళు వెతుక్కున్నాను. ప్రభువు దగ్గరికొచ్చాక ఆ వెతుకులాట మానింది. మీకది పులిహోర. నాకు ఆ కర్పూరం వాసన తగిలితే మళ్ళీ వెతుక్కోవడం మొదలవుతుంది. అందుకని తినను. అమ్మవారి మీద కోపం కాదు. పై వదినగారి మీద అసలే కాదు."

ఎవరమూ మాట్లాడలేదు. బాంకు కుర్రవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బలహీనమైన మనస్సాక్షి అని పౌలు రాసిన చోట, తెలివి చాలని మనిషిని ఊహించుకోవడం మామూలు. ఆ గదిలో బలహీనులెవరో చూపించమంటే నేను చూపించలేను. మన అనువాదకులు ఎంచుకున్న ఆ మనస్సాక్షి అనే మాట చాలా మంచి మాట. సాక్షి తీర్పు చెప్పడు. తాను చూసింది చెబుతాడు. పెద్దమ్మ చూసింది మాలో ఎవరమూ చూడలేదు. కనుక ఆవిడ సాక్ష్యాన్ని చాదస్తమని కొట్టెయ్యడానికి హెడ్మాస్టరుగారికి హక్కు లేదు. ఆ సాక్ష్యాన్నే తీర్పుగా మార్చి అందరి మీదా అమలు జరపడానికి బాంకు కుర్రవాడికీ హక్కు లేదు. ఆ సాయంత్రం నాకు తాత్పర్యమంటే అదీ అనిపించింది.

"మరి పై వాటా సంగతి?" అన్నారు అయ్యగారు.

"దానికి వాక్యమెందుకండీ? రేపు నేనే వెళ్తాను" అంది పెద్దమ్మ.

వెళ్ళింది. కోడల్ని కూడా తీసుకుని వెళ్ళింది. పిల్లాడి సంగతి దగ్గర నుంచి చెత్తడబ్బా దాకా ఏదీ దాచకుండా చెప్పింది. కోడలు క్షమించమంటే ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుందట. పూజకు ముందే కొంచెం తీసి మాకు పెట్టండి, అప్పుడు చిక్కుండదు, అని పెద్దమ్మ అడిగింది. చాలా యిళ్ళలో అలా జరుగుతుంది కూడా. కాని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నైవేద్యం కాకుండా తీసి ఒకరికి పెట్టకూడదు వదినగారూ. మా యింట్లో అది తప్పు."

ఈవిడ నైవేద్యమయ్యాక తినదు; ఆవిడ నైవేద్యం కాకుండా పెట్టదు. ఇద్దరూ కాసేపు అలా చూసుకుని నవ్వుకున్నారట. అప్పుడు పై వదినగారే అంది: "మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఎవరి చేతి వంటా ముట్టేది కాదు. ఎవరింటికి వెళ్ళినా స్వయంపాకమే. మీకూ అలాగే ఇస్తాను."

స్వయంపాకమంటే మన పాఠకులకు చెప్పనక్కరలేదు. పరాయి వంట తినని ఆచారవంతులకు వండుకోవడానికి సరుకులు ఇచ్చే మర్యాద అది. పెద్దమ్మ పుట్టిన వాడకు ఆ మర్యాద ఎన్నడూ వెళ్ళి ఉండదు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు దూరంగా కూర్చుని, అందరూ తిన్నాక పెట్టింది తిన్న వాడ అది. ఆ యేడు వినాయకచవితి పొద్దున్న, తడిబట్టతో తుడిచిన ఇత్తడి పళ్ళెంలో బియ్యం, పెసరపప్పు, బెల్లం, చిన్న గిన్నెలో నెయ్యి, ఒక కొబ్బరికాయ పెట్టుకుని ఇంటావిడ స్వయంగా మెట్లు దిగి వచ్చింది.

పెద్దమ్మ పాయసం వండింది. దించగానే అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, సగం పైకి పంపింది. ఈ సంగతి వినగానే బాంకు కుర్రవాడికి ఇంకో సందేహం వచ్చింది. "ప్రభువు పేరు చెప్పిన పాయసం ఆవిడ తింటారా?" అన్నాడు. తిన్నది. బెల్లం కాస్త తక్కువైందని కూడా చెప్పి పంపింది.

మా వాదం తేలిందని నేను చెప్పను. ఆ కుర్రవాడు ఇప్పటికీ ప్రసాదం తినడు. హెడ్మాస్టరుగారు ఇప్పటికీ మారు వడ్డించుకుంటారు. ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుంటారు. అయ్యగారు మాత్రం, ఎవరైనా ఫలానాది తప్పా ఒప్పా అని అడిగితే, గ్రంథం తెరిచే ముందు "ఎవరి యింట్లో సంగతి?" అని అడగడం మొదలుపెట్టారు. కోడలు ఇప్పుడు ఏ యింటి నుంచి ఏది వచ్చినా పారెయ్యదు. గుమ్మంలోనే గిన్నె అందుకుని, "మా అత్తగారు తినరండీ, మేం తింటాం" అని చెప్పి తీసుకుంటుంది.

ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి మాకు మూడు అధ్యాయాలు పట్టాయి.